బొమ్మ ఒకరిది, కథ ఇంకొకరిది: అంతరిక్ష యోధుల కామిక్‌ల వెనుక హక్కుల చిక్కుముడి

2024 జనవరిలో మార్వెల్ సంస్థ ఒక లావుపాటి సంపుటాన్ని దుకాణాల్లోకి తెచ్చింది. 'రోమ్' అనే అంతరిక్ష యోధుడి కామిక్‌లోని తొలి భాగం సంచికలు అందులో ఉన్నాయి. వాటిలో మొదటిది 1979 డిసెంబరు తేదీతో వెలువడింది. ఇంత కాలం దాన్ని పునర్ముద్రించకపోవడానికి పాఠకులు లేకపోవడం కారణం కాదు; పాత సంచికలు సేకర్తల చేతుల్లో మారుతూనే ఉన్నాయి. తన రచయితలు రాసి, తన చిత్రకారులు గీసి, తన ముద్రతో 75 సంచికలు నడిపిన కామిక్‌ను మళ్లీ అచ్చువేసే హక్కు మార్వెల్‌కు లేకపోవడమే కారణం. కథానాయకుడి మీద హక్కు ఉన్న బొమ్మల కంపెనీకి మాత్రం ఆ కథ మీద హక్కు లేదు. కథానాయకుడు ఒకరి వద్ద, అతని ప్రపంచం మరొకరి వద్ద ఉండిపోగా, ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా పుస్తకం వేయలేని స్థితి దశాబ్దాల పాటు సాగింది.

నేడు అమెరికాలో ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చిన్న బొమ్మల సంస్థలు తమ అంతరిక్ష బొమ్మలతో పాటు సొంత కామిక్‌లను కూడా అచ్చువేసుకోవడం కొంతమందికి వింతగా, మరికొంతమందికి అనవసరపు ఖర్చుగా కనిపిస్తుంది. ఆ పని వెనుక ఉన్న లెక్క అర్థం కావాలంటే రోమ్ దగ్గరే మొదలుపెట్టాలి.

రోమ్ అంటే ఇటలీ నగరం కాదు. కంప్యూటర్లలో చదవడానికి మాత్రమే వీలైన మెమరీకి (రీడ్ ఓన్లీ మెమరీ) వాడే సంక్షిప్త నామమే ఆ బొమ్మకు పేరయింది. దాన్ని రూపొందించిన వాళ్లు మొదట 'కోబాల్' అన్నారు. అదీ కంప్యూటర్ల లోకం నుంచి వచ్చిందే, ఒక ప్రోగ్రామింగ్ భాష పేరు. 1979లో ఈ బొమ్మను అమ్మకానికి పెట్టిన పార్కర్ బ్రదర్స్, 'మొనాపలీ' వంటి బల్లమీది ఆటలతో పేరు తెచ్చుకున్న పాత కంపెనీ. అంతకు ముందు సంవత్సరం 'మెర్లిన్' అనే ఎలక్ట్రానిక్ ఆట బాగా అమ్ముడుపోవడంతో, లైట్లు వెలిగే, శబ్దాలు చేసే యోధుడి బొమ్మ కూడా అలాగే పోతుందని ఆ కంపెనీ నమ్మింది. చేతులూ కాళ్లూ కదిలే బొమ్మలు తయారుచేసిన అనుభవం మాత్రం దానికి లేదు. రూపకర్తలు ఆకుపచ్చ కళ్లు కోరారు. ఆ రోజుల్లో ఆకుపచ్చ ఎల్‌ఈడీలు ఎర్రవాటి కంటే చాలా ఖరీదు కావడంతో కంపెనీ ఎర్ర కళ్లతో సరిపెట్టింది. ఖర్చంతా ఎలక్ట్రానిక్స్‌కే పోయిందో ఏమో, బొమ్మ ఒళ్లు మాత్రం కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. ఆ సంవత్సరమే 'టైమ్' పత్రిక దీన్ని ఎద్దేవా చేసింది. అమెరికాలో రెండు మూడు లక్షల బొమ్మలకు మించి అమ్ముడుపోకపోవడంతో పార్కర్ బ్రదర్స్ ఆ వ్యాపారానికి స్వస్తి చెప్పింది. ఆ బొమ్మకు ప్రచారంగా మొదలైన కామిక్ మాత్రం 1986 ఫిబ్రవరి సంచిక వరకు, బొమ్మ దుకాణాల నుంచి మాయమైన చాలా ఏళ్ల తర్వాత కూడా నడిచింది.

ఆ కామిక్ రచయిత బిల్ మాంట్లో. చాలా కాలం సాల్ బుసెమా బొమ్మలు గీశారు. 59వ సంచిక నుంచి ముగింపు వరకు స్టీవ్ డిట్కో గీశారు. మాంట్లోకు బొమ్మల కంపెనీ ఇచ్చిన సరుకు చాలా తక్కువ: ముఖకవళికలు లేని ఒక వెండి కవచం, దాంతో పాటు వచ్చే మూడు పరికరాలు. వాటిలో ఒకటి శత్రువును గుర్తుపట్టే యంత్రం, మరొకటి శత్రువును నిర్వీర్యం చేసే ఆయుధం, మూడోది భాషను అనువదించేది. వాటి చుట్టూ ఆయన కథ ఎలా అల్లారన్నది గమనించదగ్గ విషయం. గుర్తుపట్టే యంత్రం ఉందంటే, కంటికి గుర్తు దొరకని శత్రువు ఉండాలి. అందుకే డైర్ రెయిత్‌లు అనే రూపం మార్చుకునే జాతి వచ్చి మనుషుల వేషాల్లో భూమ్మీద స్థిరపడింది. పశ్చిమ వర్జీనియాలోని క్లెయిర్టన్ అనే చిన్న ఊళ్లోకి రోమ్ దిగి, యంత్రంతో వాళ్లను పసిగట్టి, ఆయుధంతో వేరే లోకానికి పంపేస్తుంటే, చూస్తున్న ఊరివాళ్లకు అది లోహపు రాక్షసుడు పక్కింటివాళ్లను బూడిద చేయడంగా కనిపిస్తుంది. ఇక బొమ్మకు ముఖం కదలకపోవడం, ఒళ్లు వంగకపోవడం కథలో అతని విషాదమైంది: గెలాడార్ గ్రహాన్ని కాపాడడానికి తన మానవదేహాన్ని వదులుకుని కవచంలోకి వెళ్లిన మనిషి అతను, రెండు వందల ఏళ్లుగా అందులోనే ఉన్నాడు. తయారీలో పొదుపు వల్ల వచ్చిన లోపం నుంచి ఇంత పట్టున్న పాత్రను పుట్టించిన రచయితలు ఎక్కువ మంది నాకు తెలియదు. బొమ్మకు కామిక్ అనగానే చౌకబారు ప్రకటన అని పెదవి విరిచేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ చూసినా చాలు.

ఇప్పుడు హక్కుల సంగతి. బొమ్మ పేరు ట్రేడ్‌మార్క్ కిందికి వస్తుంది, బొమ్మ రూపం శిల్పంలాగే కాపీరైట్ కిందికి వస్తుంది. ఈ రెండూ పార్కర్ బ్రదర్స్‌వి. వాటిని కొంతకాలం వాడుకునేందుకు మార్వెల్‌కు లైసెన్సు దొరికింది. లైసెన్సు అద్దె ఇల్లు వంటిది. అద్దెకున్న వాళ్లు ఇంట్లోకి సొంత సామాను తెచ్చుకోవచ్చు, ఖాళీ చేసేటప్పుడు సామాను వాళ్లతోనే వెళ్తుంది. గోడలు ఇంటాయనకే మిగులుతాయి. మార్వెల్ తెచ్చుకున్న సామాను ఎంతో ఉంది: గెలాడార్, రోమ్‌లాగే కవచాల్లోకి వెళ్లిన ఇతర స్పేస్‌నైట్‌లు, రోమ్ ప్రేమించిన బ్రాండీ క్లార్క్, మధ్యమధ్యలో అతిథులుగా వచ్చిన ఎక్స్‌మెన్ వంటి సొంత పాత్రలు. లైసెన్సు ముగిశాక 2000 ప్రాంతంలో మార్వెల్ 'స్పేస్‌నైట్స్' అనే చిన్న వరుస వేసినప్పుడు రోమ్ వెండి కవచంలో ఎక్కడా కనపడకుండా, మానవరూపంలోని మనిషిగా మాత్రమే తొంగిచూశాడు. అదృష్టవశాత్తూ పాత కామిక్ చివరి సంచికలో రోమ్‌కు మానవదేహం తిరిగి వచ్చింది కనుక ఆ ఉపాయం చెల్లింది.

అటువైపు కూడా చేతులు మారాయి. పార్కర్ బ్రదర్స్ మొదట జనరల్ మిల్స్ కింద ఉండేది. తర్వాత కెన్నర్ అనే మరో బొమ్మల కంపెనీతో కలిసి విడివడింది. 1987లో టోంకా అనే బొమ్మల కంపెనీ దాన్ని కొంది. 1991లో టోంకాతో పాటు హాస్‌బ్రో అనే పెద్ద బొమ్మల కంపెనీ చేతికి చేరింది. 2016లో హాస్‌బ్రో అనుమతితో ఐడీడబ్ల్యూ సంస్థ కొత్త రోమ్ కామిక్ మొదలుపెట్టినప్పుడు కవచం, పరికరాలు ఉన్నాయి, గెలాడార్ లేదు. దాని స్థానంలో కొత్త దళం పేరు పెట్టాల్సి వచ్చింది. డైర్ రెయిత్‌లు ఉన్నారు కానీ రూపం వేరు. ఒకే మాట రెండు కంపెనీల పుస్తకాల్లోనూ ఉండి, దాని రూపం ఒకచోట ఒకలాగా, మరోచోట ఇంకోలాగా కనిపించడం పాఠకుడికి అయోమయం. లైసెన్సు కాగితం చదివిన వాళ్లకు అదే సహజం.

ఇదంతా కంపెనీల మధ్య పంపకం. ఇందులో మాంట్లో వాటా ఎక్కడ అని వెతికితే దొరకదు. అప్పటి అమెరికా కామిక్ పరిశ్రమలో రచనను కూలిపనిగా లెక్కగట్టి, కాపీరైట్‌ను మొదటి నుంచీ సంస్థ పేరునే ఉంచేవారు. మాంట్లో తర్వాత న్యాయశాస్త్రం చదివి, న్యూయార్క్‌లో పేదల తరఫున వాదించే న్యాయవాదిగా పనిచేశారు. 1992లో రోలర్ స్కేట్ల మీద వెళ్తుండగా ఒక కారు ఢీకొట్టి ఆగకుండా పోయింది; మెదడుకు తగిలిన గాయం నుంచి ఆయన మళ్లీ కోలుకోలేదు. 2007లో పోర్ట్‌లాండ్‌లోని ఫ్లోటింగ్ వరల్డ్ కామిక్స్ అనే చిన్న సంస్థ, చాలామంది చిత్రకారులు తమ తమ శైలుల్లో గీసిన రోమ్ చిత్రాలతో ఆయన వైద్యానికి సహాయంగా ఒక ప్రదర్శన పెట్టింది. పెద్ద సంస్థలు రెండూ కామిక్‌ను మళ్లీ అచ్చువేయలేకపోయిన కాలంలో రోమ్ వెలుగు చూసిన చోట్లలో అదొకటి.

రోమ్‌ది రెండు చేతుల తగవైతే, అదే మాంట్లో అదే సంవత్సరం, 1979 జనవరి తేదీతో మొదలుపెట్టిన 'మైక్రోనాట్స్' తగవులో చేతులు మూడు. క్రిస్మస్‌కు తన కొడుక్కి వచ్చిన బొమ్మలు చూసి ముచ్చటపడి, మార్వెల్ చేత లైసెన్సు తీసుకునేలా చేసింది ఆయనే. ఆ బొమ్మలు అమెరికాలో అమ్మింది మెగో కంపెనీ. పుట్టింది మాత్రం జపానులో. అక్కడి టకారా కంపెనీ, అమెరికా 'జీఐ జో' సైనికుడి బొమ్మ అచ్చుల ఆధారంగా 1972లో లోపలి యంత్రాలు కనిపించే పారదర్శక దేహంతో 'హెన్షిన్ సైబోర్గ్' తయారుచేసి, 1974లో దాన్ని అరచేతిలో ఇమిడేంత చిన్నది చేసి 'మైక్రోమాన్' అంది. మెగో 1976లో దాన్ని మైక్రోనాట్స్‌గా అమ్మింది. అదే కాలంలో 'స్టార్ వార్స్' బొమ్మల హక్కులు కొనే అవకాశం వస్తే మెగో వద్దనుకుంది, కెన్నర్ తీసుకుంది. బొమ్మల వ్యాపార చరిత్రలో అందరూ చెప్పుకునే పొరపాటు అది, ఇక్కడ దాని ప్రస్తావన చాలు.

మాంట్లో, చిత్రకారుడు మైకేల్ గోల్డెన్ కలిసి ఆ బొమ్మల్లో కొన్నిటిని అలాగే ఉంచి, మరికొన్నిటికి కొత్త పేర్లూ చరిత్రలూ కట్టారు. బారన్ కార్జా, అక్రోయర్ బొమ్మల పెట్టెలోంచి నేరుగా వచ్చారు. బగ్, మారియోనెట్ మార్వెల్ సృష్టి. కమాండర్ రాన్ దగ్గర ముడి పడింది: ఆ మనిషి, అతని పేరు, గతం మార్వెల్‌వి, అతను తొడుక్కున్న రెక్కల దుస్తులు 'స్పేస్ గ్లైడర్' అనే మెగో బొమ్మవి. లైసెన్సు పోయాక రాన్ మార్వెల్ దగ్గరే ఉన్నాడు, దుస్తులు వదిలేసి. 1982లో మెగో దివాలా తీసింది. 2002లో ఇమేజ్ అనే ప్రచురణ సంస్థ ద్వారా డెవిల్స్ డ్యూ అనే చిన్న బృందం మైక్రోనాట్స్ కామిక్ వేసినప్పుడు కార్జా ఉన్నాడు, బగ్ లేడు. 2000ల చివర్లో మార్వెల్ 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' కామిక్‌లో బగ్ ఉన్నాడు, కార్జా లేడు. ఒకే కథలో ఏళ్ల తరబడి నడిచిన పాత్రలు విడాకులైన ఇంటి పిల్లల్లా చెరోవైపు పెరిగాయి.

బొమ్మల కంపెనీలు ఇంత చిక్కు ఉందని తెలిసీ కామిక్‌ల వెంట ఎందుకు పడ్డాయన్నది న్యాయమైన ప్రశ్న. పాత్రకు గతం ఉంటే పిల్లలు దాని స్నేహితుణ్నీ శత్రువునూ కూడా కొనమంటారన్నది ఒక జవాబు. అంతగా తెలియని జవాబు ఇంకొకటి ఉంది. 1980ల మొదట్లో అమెరికా టీవీలో బొమ్మల ప్రకటనల్లో యానిమేషన్ ఎంత చూపవచ్చన్న దానిపై పరిమితులుండేవి. పిల్లలను భ్రమపెట్టకుండా అసలు బొమ్మనే ఎక్కువసేపు చూపాలన్నది ఉద్దేశం. కామిక్ పుస్తకానికి ఇచ్చే ప్రకటనకు ఆ పరిమితి వర్తించదు. 1982లో హాస్‌బ్రో జీఐ జోను చిన్న పరిమాణంలో తిరిగి తెచ్చినప్పుడు, మార్వెల్ కామిక్ పేరిట పూర్తి యానిమేషన్‌తో టీవీ ప్రకటనలు వేయించింది. పైకి అమ్ముతున్నది పుస్తకం. పిల్లవాడి కళ్లలో పడుతున్నది బొమ్మ. ఆ కామిక్ రాసిన లారీ హామాయే బొమ్మల అట్టల వెనుక ఉండే పాత్ర పరిచయాలు కూడా రాశారు.

తెలుగు పిల్లలకు ఈ చరిత్ర తగిలిన చోటు కూడా అదే. ఎంఆర్‌ఎఫ్, హాస్‌బ్రో కలిసి 1987లో మొదలుపెట్టిన ఫన్‌స్కూల్ ఇక్కడ జీఐ జో బొమ్మలు తయారుచేసి అమ్మింది. తొంభైల్లో విజయవాడలోనో హైదరాబాదులోనో ఆ బొమ్మతో ఆడుకున్న వాళ్లలో ఎక్కువ మందికి దాని వెనుక ఒక కామిక్ ఉందని కూడా తెలిసి ఉండదు. అమెరికా అచ్చుల్లోనే పోసినా రంగులు మాత్రం చాలాసార్లు వేరు. అక్కడ ఒక రంగులో ఉన్న సైనికుడు ఇక్కడ ఎవరూ ఊహించని రంగులో దొరికేవాడు. ఆ వింత రంగుల కోసమే ఈనాడు విదేశీ సేకర్తలు భారతీయ బొమ్మలను వెతుక్కుంటున్నారు.

ఈ రంగుల సంగతి పక్కదారి కాదు, అసలు దారే. ప్లాస్టిక్ బొమ్మ తయారీలో ఖర్చంతా అచ్చులోనే ఉంటుంది. వేడి ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నింపే ఉక్కు అచ్చును చెక్కించడానికి వేల డాలర్లు పడుతుంది, కదిలే భాగాలు పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఒకసారి అచ్చు సిద్ధమయ్యాక అందులో నీలం ప్లాస్టిక్ పోసినా ఎర్రది పోసినా తేడా స్వల్పం. కాబట్టి ఏ కంపెనీ అయినా ఒకే అచ్చులోంచి వీలైనన్ని పాత్రలు లాగాలని చూస్తుంది. కార్జాను నల్లగా పోసి, తల మార్చి తెల్లగా పోస్తే ఫోర్స్ కమాండర్ అయ్యాడు. కథలో వాళ్లిద్దరూ బద్ధశత్రువులు. 1984 నాటి 'ట్రాన్స్‌ఫార్మర్స్' విమానాల్లో స్టార్‌స్క్రీమ్, థండర్‌క్రాకర్, స్కైవార్ప్ ముగ్గురూ ఒకే అచ్చు, మూడు రంగులు. కౌబాయ్ కథలోనో పౌరాణికంలోనో ముగ్గురికి ఒకే ముఖం ఉంటే సంజాయిషీ చెప్పుకోవాలి. సైన్స్ ఫిక్షన్‌లో అక్కర్లేదు: అవి ఒకే కర్మాగారంలో పుట్టిన యంత్రాలు, లేదా ప్రతిరూపాలు, లేదా వేరే విశ్వం నుంచి వచ్చిన అదే మనిషి. తక్కువ పెట్టుబడి ఉన్న బొమ్మల తయారీదారు అంతరిక్ష కథనే ఎంచుకోవడంలో నక్షత్రాల మీది మోజు ఎంత ఉందో, అచ్చు లెక్క కూడా అంతే ఉందని నా అభిప్రాయం.

ఈ శతాబ్దపు మొదటి దశాబ్దం చివర్లో మొదలైన ఓనెల్ డిజైన్ వారి 'గ్లయోస్' బొమ్మల్లో ఈ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. మాట్ డౌటీ నడిపే ఈ చిన్న సంస్థ బొమ్మలు చేతివేళ్లంత పొడవుంటాయి. ప్రతి కీలూ ఊడి వస్తుంది, ఏ భాగాన్నైనా ఏ భాగానికైనా తగిలించవచ్చు. మైక్రోమాన్ నుంచి మైక్రోనాట్స్‌కు వచ్చిన భాగాలు మార్చే ఆటకు ఇది వారసత్వమని చూడగానే తెలుస్తుంది. ఫేడెన్ అనే అంతరిక్ష సంచారి బొమ్మ ఎన్నో రంగుల్లో, కొన్నిసార్లు పూర్తి పారదర్శకంగా, కొద్ది కొద్ది సంఖ్యల్లో విడుదలవుతుంది. కొత్త రంగుకు కథలో కొత్త అర్థం ఉంటుంది. పెద్ద కంపెనీ తన కీలు కొలతను గుట్టుగా దాచుకునే చోట, ఇక్కడ ఆ కొలతను ఇతర చిన్న తయారీదారులతో పంచుకున్నారు. కీలు అనేది పనిచేసే భాగం కనుక దానికి కాపీరైట్ ఎలాగూ దొరకదు, పేటెంటు అయితేనే రక్షణ. కానీ పంచుకోవడానికి అసలు కారణం వ్యాపారమే. ఒకరి బొమ్మ చేయి మరొకరి బొమ్మకు తగిలితే, ఒకరి కొనుగోలుదారు ఇద్దరికీ కొనుగోలుదారు అవుతాడు.

1968లో కలర్‌ఫార్మ్స్ కంపెనీ కోసం మెల్ బిర్న్‌క్రాంట్ రూపొందించిన 'ఔటర్ స్పేస్ మెన్' అనే ఏడుగురు గ్రహాంతరవాసులు చంద్రయాత్ర మోజు ఉన్నంత కాలమే అమ్ముడయ్యారు. రెండో వరుస నమూనాలు తయారైనా దుకాణాలకు చేరలేదు. నలభై ఏళ్ల తర్వాత ఫోర్ హార్స్‌మెన్ అనే శిల్పుల బృందం వాళ్లను గ్లయోస్ కీళ్లతో తిరిగి తయారుచేసింది. 1968 నాటి పాత్ర, 2010 నాటి కీలు ఒకే బొమ్మలో ఉన్నాయి. ఎవరి సరుకు ఏదన్నది మొదటే తేలిపోయింది కనుక మైక్రోనాట్స్‌కు పట్టిన గతి పట్టలేదు.

ఇలాంటి చిన్న సంస్థల దగ్గర కామిక్ చేసే పని తలకిందులవుతుంది. పెద్ద కంపెనీకి కామిక్ బొమ్మను అమ్మే ప్రకటన. చిన్న తయారీదారుకు అది బొమ్మ కంటే ముందు వచ్చే సరుకు. అచ్చు చెక్కించే డబ్బు చేరేలోపు నెలలు గడుస్తాయి. కర్మాగారం కనీసం ఇన్ని వందలైతేనే పోస్తామంటుంది. తర్వాత ఓడలో సరుకు రావాలి, సుంకం కట్టాలి. ఆ విరామంలో కొనుగోలుదారు చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి. ఇరవై నాలుగు పేజీల కామిక్‌ను కొద్ది ప్రతులతోనైనా అచ్చువేయించవచ్చు, ఉక్కు చెక్కనక్కర్లేదు. కథలో ఇంకా బొమ్మగా పోయని పాత్రలూ నడవవచ్చు. పాఠకులు ఎవరిని ఇష్టపడుతున్నారో చూసి వారినే మొదట పోయించవచ్చు. కొందరు ఇంకా కింది మెట్టు దగ్గర మొదలుపెడతారు: సిలికాన్ రబ్బరు మూసలో రెసిన్ అనే ద్రవ ప్లాస్టిక్‌ను చేతితో పోస్తారు. ఆ మూస కొన్ని పదుల బొమ్మలకే అరిగిపోతుంది. అంత తక్కువ బొమ్మలు అమ్ముకునే మనిషికి పాత్ర మీద హక్కు తప్ప వేరే ఆస్తి ఉండదు. ఆ హక్కును రాతపూర్వకంగా, తేదీతో సహా లోకం ముందు పెట్టేది ఆ సన్నపాటి కామిక్.

అయితే చిన్న సంస్థ కాబట్టి చిక్కు రాదనుకుంటే పొరపాటు. బొమ్మ చెక్కిన మనిషి కామిక్ కూడా గీయగలగడం అరుదు. సాధారణంగా స్నేహితుడైన చిత్రకారుడు పేజీకి ఇంతని తీసుకుని గీస్తాడు. అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం జీతానికి కాకుండా విడిగా పనిచేసే చిత్రకారుడు, సంతకం పెట్టిన కాగితం లేకుండా గీసి ఇచ్చినది, డబ్బు తీసుకున్నా సరే, అతనిదే అవుతుంది. గీయించుకున్న వాళ్లకు వాడుకునే అనుమతి మాత్రమే మిగులుతుంది. స్నేహితుల మధ్య కాగితం అడగడం మొహమాటం. ఆ చిత్రకారుడు తన పేజీల్లో సొంతంగా ఒక శత్రువును కల్పించి, పాఠకులు ఆ శత్రువు బొమ్మే కావాలని అడిగిన రోజున, అచ్చు ఒకరి చేతిలో, పాత్ర ఇంకొకరి చేతిలో ఉంటుంది.